టైలరంగడి షట్టరు మీద మా నాయన

నగొద్దండప్పా, ముందే చెప్తాండా. నగినారంటే లేసిపోతా. మొన్న శనివారం పొద్దున నేనొక మనిషిని బతికుండంగానే చంపేస్తి! కత్తి లేదు, కట్టె లేదు. ఒక పూలహారం, రెండు ఊదుబత్తీలు, అంతే. వీధి వీధంతా పోగయి ఏడ్సింది. ఆ సచ్చినాయన లోపల్నుంచి "యాల ఏడుస్తాండారు?" అని కేకలేస్తాంటే ఒక్కరూ నమ్మలేదు.

ఉండండి, ఒక గుక్క టీ తాగనీండి. మొదట్నుంచి చెప్తా.

మా నాయన పోయి యాడాదయింది, మీకు తెలిసిందే. ఆయన బతుకంతా మగ్గం గుంతలోనే పోయె. అంగి ఏసుకోవల్లంటే చిరాకు ఆయనకు. పంచ, భుజం మీద టువాలు, పెండ్లికి పోయినా అంతే. ఫోటో తీయించుకో నాయనా అంటే "నా మొగం యాలరా, నేసిన చీర చూడు" అనేటోడు. నేతగాళ్ల సొసైటీ కార్డుకు కావల్లని వాళ్లు గట్టిగా పట్టుకుంటే ఒకే ఒక్కసారి తీయించుకున్యాడు. గోరంత ఫోటో. మా ఇంట్లో ఆయన మొగమంటే అదొక్కటే.

ఒకనాడు మా అమ్మ కండెలు చుడతా చుడతా రాట్నం నిలిపేసింది. "ఏంమా?" అంటి. "ఆంజినా, మీ నాయన మొగం గుర్తుకు రాలేదురా. దగ్గు వినపడతాది, నన్ను పిలిచేది వినపడతాది, మొగం మాత్రం రాలేదు" అనింది. ఆ గోరంత ఫోటో ఆమె కండ్లకు యాడ ఆనుతుంది? "సంవత్సరీకం నాటికి గోడ మీద నాయనను ఇంత పెద్దగా నిలబెడతా, సూస్తాండు" అని మాటిచ్చేస్తి. నోరు పెద్దది కదప్పా నాది!

బస్టాండు ఎనక ఆర్టిస్టు ఓబులేసు లేడూ, ఆయన దగ్గరికి పోతి. లారీ ఎనక నెమలి, సోడాబండి మీద తామరపువ్వు, నాటకాలోళ్ల తెరలు, అన్నీ ఆయన చేతివే. మనిషి శానా మంచోడు. అదే వచ్చిన చిక్కు. పోతానే టీ తెప్పించినాడు. ఫోటో చూసి, "అబ్బబ్బా, ఏం కళ అన్నా మీ నాయన మొగంలో!" అన్యాడు. నేను ఉబ్బిపోయి అడ్వాన్సని చెప్పి దగ్గరదగ్గర మొత్తం దుడ్లన్నీ చేతిలో పెట్టేస్తి. ఆయన స్కేలు తీసుకోని, నా కండ్ల ముందరే ఆ ఫోటో మీద పెన్సిలుతో అడ్డం నిలువు గీతలు గీసేసినాడు!

"ఏందప్పా ఇది! ఉండేదే ఒకటి!"

"గళ్లు కొడితేనే పెద్దది చేసేకయితుందన్నా. ఒక్కొక్క గడి చూసుకుంటా గీస్తా. నువ్వు దిగులు పడాకు."

గళ్ల దుప్పటి కప్పుకున్నట్లున్న నాయనను ఆయన చేతిలో పెట్టి వచ్చేస్తి.

ఇంగ చూడండి నా తిరుగుడు! వారం కాగానే పోతే "రంగు తడి ఆరలేదన్నా" అన్యాడు. నాకు మండింది. "ఏమప్పా, వానల్లేక మన ఊరి చెరువే ఆరి నెర్రెలిచ్చె. నీ రంగు ఆరలేదా?" అంటి. నగి, టీ తెప్పించినాడు. ఆ తర్వాత పోతే "బొమ్మంతా అయిపోయిందన్నా, కండ్లు ఒకటే బాకీ" అన్యాడు. గుడ్డ తీసి చూపించినాడు కూడా. చెవులు నాయనవే, ముక్కు నాయనదే, ఎడమ చెంప మీద పులిపిరి నాయనదే. కండ్లుండేచోట తెల్లగా రెండు గుంతలు! జడుసుకుంటి.

"కండ్లు పెట్టప్పా మల్ల!"

"అట్ల పెట్టగూడదన్నా. సచ్చిపోయిన పెద్దోళ్ల బొమ్మకు కండ్లు తెరిపించల్లంటే తలకు పోసుకోని, మంచిరోజు చూసుకోని పెట్టల్ల. మంగళవారం పనికిరాదు. అమాస దగ్గర పడింది. ఆషాడం పోనీ."

నిజం చెప్పనా, నేను గట్టిగా అరవల్ల. నోరు రాలేదప్పా! ఎందుకంటే, నాకు పట్టు, జరీ ఇచ్చి నేయించే సావుకారు చీర అడిగినప్పుడల్లా నేను చెప్పేది కూడా ఇదే కదా. "అయిపోయింది సావుకారూ, మగ్గం మీదనే ఉండాది. కోసేది ఒకటే బాకీ." అప్పటికి కొంగు కూడా మొదలుపెట్టి ఉండను. అట్లాంటోణ్ణి నేను, ఓబులేసును ఏమని అడగల్ల?

ఆషాడం పాయె. సంవత్సరీకం నెత్తిమీదికొచ్చె. పోతే అంగడికి బీగం! మడకశిరలో నాటకం తెర గీసేకి పోయినాడంట. గురువారం సందకాడ బస్సెక్కి మడకశిరకు పోయి, ఆడ తెలిసినోళ్లింట్లో పండుకొని, పొద్దున్నే నాటకాలోళ్ల దగ్గరికి పోతే "నిన్నెనే హోదరు" అని కన్నడంలో ఒక ముక్క చెప్పి పంపించినారు. నిన్ననే ఎల్లిపోయినాడంట! తెర మాత్రం కట్టుండారు. అడవి, ఆశ్రమం, జింక. చెట్టు కింద ముని కూచోనుండాడు. ఈయన్ని యాడనో చూసినట్లుండాదే అనుకుంటి. చెంప మీద పులిపిరి కూడా ఉండె. అంతలో బస్సు హారనేస్తే పరిగెత్తి ఎక్కేస్తి.

ధర్మవరంలో దిగేతలికి మిట్టమధ్యాన్నం. రేపే సంవత్సరీకం. అమ్మకు ఏం చెప్పల్లరా దేవుడా అని తల దించుకోని నడుస్తాండా. మస్తాన్ టైలరంగడి ముందర తలెత్తి చూస్తానే, నా కాళ్లు నిలబడిపాయె.

నాయన!

కోటు ఏసుకోని! టై కట్టుకోని! జేబులో ఎర్ర రోజాపువ్వు పెట్టుకోని! మనిషంత ఎత్తున, షట్టరు మీద, నన్నే చూస్తా నగుతాండాడు! కండ్లు రెండూ నిక్షేపంగా ఉండాయి. నాకు తెలీకుండానే చెప్పులిడిసి దండం పెట్టేస్తి. అంతవరకూ నేనెందుకు చూడలేదంటే, మస్తాన్ ఆ షట్టరు కొత్తగా ఏయించినాడు. అంగడి తెరిచినంతసేపూ అది పైన చుట్టుకోనుంటుంది. శుక్రవారం నమాజుకు పోయినాడు కాబట్టి దించినాడు.

మస్తాన్ నమాజయి వస్తానే పట్టుకుంటి. "మా నాయన నీ షట్టరు మీదికి ఎట్లొచ్చినాడన్నా?"

మస్తాన్ బొమ్మను చూసె, నన్ను చూసె. "యా అల్లా! మీ నాయనా ఈయప్ప? నేను సూటేసుకున్నోణ్ణి గీయప్పా అంటి, అంతే. వారం కిందట గీసిచ్చినాడు. అంగి కూడా ఏసుకోనాయనకు టై కట్టినాడే ఓబులేసు!"

ఇంటికొచ్చి అమ్మకు భయంభయంగా చెప్తి. తిడుతుందనుకుంటి. ఆమె లేసి, చెంగు సర్దుకోని, "నడు, చూపీ" అనింది. అప్పటికి షట్టరెత్తేసినాడు కదా, అది చెప్తి. "అయితే రేపు పొద్దున పూజ ఆడనే చేద్దాం. ఆయప్పను అడుగు" అనింది. పోయి అడిగితే మస్తాన్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "అమ్మ అడిగితే కాదంటానా? పూజ అయ్యేదాంకా షట్టరు ఎత్తను. లోపల కూచోని బాకీ ప్యాంట్లు కుట్టుకుంటాంటా" అన్యాడు. మంచోళ్లప్పా అందరూ! మంచోళ్ల వల్లనే నా బతుకు ఇట్లయింది.

శనివారం పొద్దున్నే పోతిమి. అమ్మ షట్టరు ముందర నిలబడి శానాసేపు చూసింది. చెయ్యి చాపి ఆ పులిపిరిని తాకింది. "ఇదేరా. ఇదే మొగం" అనింది. కండ్లల్లో నీళ్లు. మల్ల కోటును చూసి ఫక్కున నగింది. "మా పెండ్లికి మా నాయన కోటు కుట్టిస్తానంటే, ఉక్క పోస్తాదని వద్దన్యాడు ఈ మనిషి. ఇప్పుడు చూడు, ఎంత ముచ్చటగా ఏసుకున్యాడో!" నేను కూడా ఏడ్చినానప్పా, దాచేదేముంది.

షట్టరుకు హారమేస్తిమి. ఊదుబత్తీలు ముట్టిస్తిమి. టెంకాయ కొడితిమి. అమ్మ కండ్లు మూసుకోని నిలబడింది.

ఇప్పుడు మీరే చెప్పండి. టైలరంగడి మూసుండాది. షట్టరు మీద ఒక మగమనిషి బొమ్మ, దానికి పూలహారం, ముందర ఒక ముసలామె ఏడుస్తాండాది. దోవన పోయేటోళ్లు ఏమనుకుంటారు?

ముందు ఒకామె పరిగెత్తుకోనొచ్చింది. "అయ్యో మస్తానన్నా! పోయినావా! నిన్న సందకాడ కూడా 'రేపు రామ్మా, గుండీలు ఒకటే బాకీ' అంటివే! నా కూతురి పెండ్లి జాకెట్లు లోపలే ఉండాయే!" ఆమె ఎనక ఇంకొకాయన. "నా టెర్లిన్ ప్యాంటుగుడ్డ! ఎవురినడగల్ల ఇప్పుడు?" చూస్తాండంగానే గుంపయింది. సగం మంది మస్తాన్ కోసం, సగం మంది గుడ్డల కోసం, అందరూ ఏడ్చేటోళ్లే. "ఓయప్పా, ఈయన మా నాయన! మస్తాన్ కాదు!" అని నేను మొత్తుకుంటాండా. "పాపం, మస్తాన్‌ను సొంత నాయన మాదిరి చూసుకున్యాడు" అని ఒకామె నన్ను పట్టుకొని ఓదార్చబట్టె!

సరిగ్గా అప్పుడు లోపల్నుంచి మిషను శబ్దం. టకటకటకటక!

అందరూ షట్టరు దిక్కు తిరిగిరి. మల్ల, టకటకటక. ప్యాంటుగుడ్డాయన నోరెళ్లబెట్టి, "బతికుండంగా కుట్టనోడు సచ్చినాక కుడతాండాడే!" అన్యాడు. ఆడోళ్లు కేకలు. ఆ కేకలకు మస్తాన్ లోపల జడుసుకోని, "యాల ఏడుస్తాండారు? ఏమాయె?" అని అరిచె. ఆ గొంతు విని సగం గుంపు పరుగు! మస్తాన్‌కు ఏమీ అర్థంగాక షట్టరు గబుక్కున పైకెత్తేసినాడు. అప్పా, హారంతో సహా నాయన పైకి చుట్టుకోని పోతాండాడు! నెత్తి పాయె, మొగం పాయె. "ఒరే, మీ నాయనను చుట్టేస్తాండారురా!" అని అమ్మ అరుపు. మెడ దగ్గరకొచ్చేతలికి హారం ఇరుక్కోని షట్టరు నిలిచిపాయె. కింద మస్తాన్ కాళ్లు, పైన మా నాయన కోటు!

ఆ టైముకు సైకిలు మీద ఎవురొచ్చినారనుకుంటారు? ఓబులేసు! చంకలో గుడ్డ చుట్టిన బొమ్మ. నేను పోయి గొంతు పట్టుకుంటి.

"టైలరుకు కండ్లు పెడితివి, మాకు పెట్టవా?"

"షట్టరుకు మంచిరోజు చూసే పనిలేదు కదన్నా! కోపం చేసుకోవాకు. మీ నాయన మొగం నా చేతికి అలవాటైపోయింది. ఏ బొమ్మ మొదలుపెట్టినా ఆయనే వస్తాడు. మడకశిర మునికి కూడా ఆయనే వచ్చినాడు." అంటానే గుడ్డ తీసినాడు. మల్ల అవే తెల్లటి గుంతలు! "అంతా అయిపోయిందన్నా, కండ్లు ఒకటే..."

నాకు రేగింది. గుంపంతా వినేట్లు అరిస్తి. "ముందే దుడ్లు తీసుకోని, అయిపోయింది అయిపోయింది అని తిప్పుకునేటోడు మనిషేనా? సిగ్గుండల్ల! అట్లాంటోణ్ణి పనిలో నుంచే తీసేయల్ల!"

భుజం మీద ఒక చెయ్యి పడింది. ఎనక్కి తిరిగితే మా సావుకారు. ఆయన ప్యాంటు కూడా మస్తాన్ దగ్గరే ఉండాదంట.

"బాగా చెప్పినావు ఆంజినప్పా. నా మనసులో మాటే చెప్పినావు. మల్ల నా చీర?"

నేను ఆలోచించనే లేదప్పా, నోరు దానంతటదే పలికేసింది. "అయిపోయింది సావుకారూ, మగ్గం మీదనే ఉండాది. కోసేది ఒకటే బాకీ."

ఓబులేసు నన్ను చూసి కన్ను కొట్టినాడు.

కండ్లు పెట్టేకని ఓబులేసు మల్ల ఎత్తుకపోయిన ఆ బొమ్మ ఇంగా రాలేదు. అమ్మ కూడా అడిగేది మానేసింది. "ఓబులేసు దగ్గరైతే గళ్ల కిందో గుడ్డ కిందో ఉంటాడు. షట్టరు మీదైతే కోటేసుకోని దర్జాగా ఉండాడు, పోనీలే" అంటాది. ఈపొద్దు శుక్రవారం కదా, మస్తాన్ నమాజుకు పోయే టైమయింది. అమ్మ పొద్దున్నుంచే తల దువ్వుకోని, పూలు పెట్టుకోని కూచోనుండాది, నాయన దగ్గరికి తోడుకోని పోవల్ల.

అయ్యయ్యో, ఆ సందులో నుంచి వచ్చేది సావుకారేనా? నేను ఎనక దోవలో పోతా. నన్నడిగితే మగ్గం మీదనే ఉండానని చెప్పండప్పా!