వాము వాసన వేసే చేప

ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి. నాకొచ్చిన చదువంతా ముక్కుతో చదివిందే. కాకినాడ మెస్సులో నాకు వంట నేర్పిన మేస్టారు, గరిటె నాలుకకి తగిలితే అదే గరిటెతో వీపు మీద వేసేవారు. వడ్డించకముందు రుచి చూస్తే ఎంగిలి. ఉప్పు సరిపోయిందో లేదో పులుసు ఆవిరే చెబుతుందిరా అనేవారు. అలా ఆవిరి మాట వింటూ ఇరవయ్యేళ్లకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక తెలుగాయన హోటల్ దాకా వచ్చాను.

కరోనా మొదలైన రెండో చలికాలంలో నాకూ వచ్చింది. జ్వరం వారంలో పోయింది, పోతూ పోతూ వాసనని వెంట తీసుకుపోయింది. హోటల్ ఎలాగూ మూసే ఉంది కదా అని మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టి కూర్చునేవాణ్ణి. ఇంగువ ఒకటే, సుద్దముక్క ఒకటే. మే నెలలో ఓనర్ ఫోన్ చేసి, బయట టేబుళ్లు వేసుకోనిస్తున్నారు, సోమవారం వచ్చెయ్ అన్నాడు. సరే అన్నాను. నా ముక్కు చూసి పనిలో పెట్టుకున్న మనిషికి ఆ ముక్కు పనిచెయ్యడం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ శనివారం కింది వాటాలో ఉండే పెద్దాయన చేపలకి వస్తావా అని అడిగాడు. డెబ్బై దాటిన జర్మన్. ఫ్యాక్టరీలో పెద్ద మిషన్ల మధ్య పనిచేసి రిటైరయ్యాడు. ఎడమచేతి చిటికెన వేలు లేదు. అడిగితే ఏదో చేప కొరుక్కుపోయిందనేవాడు. ఈ దేశంలో గాలం వెయ్యాలన్నా పరీక్ష పాసవ్వాలి, దానికి లావుపాటి పుస్తకం ఉంది. అలాంటి పుస్తకాన్ని చూసే కదా నేను బళ్లోంచి పారిపోయింది. అందుకని గాలం ఆయనది, పడ్డ చేపని ఎత్తే చేతివల నాది.

కారు ఆపాక గంటసేపు అడవిలోంచి లోయలోకి దిగాం. నీళ్లు మోకాలి లోతే అయినా కాళ్ల కింద నుంచి మనిషిని లాగేస్తున్నాయి. రాళ్లన్నీ నాచు. ఆ హోరులో అరిస్తే తప్ప పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. కారు దగ్గరే కూర్చుని పట్టుకునే చెరువులుండగా ఈ సాహసం దేనికని దారంతా ఆయన్ని ఏడిపించాను. మాస్కు వెనక నుంచి నేను ఏం వాగినా ఆయన తలూపాడు.

రెండు గంటలకి ఒక ట్రౌట్ చేప పడింది. ఒడ్డుకి చేర్చగానే ఆయన చిన్న కర్రతో నెత్తి మీద ఒక్కటేసి చంపేశాడు. గిలగిల్లాడనిస్తే ఇక్కడ తప్పట. అలవాటు కొద్దీ నేను మాస్కు కిందికి లాగి, మొప్ప ఎత్తి వాసన చూశాను. ఏమీ లేదు. అయినా "ఫస్ట్ క్లాస్" అని బొటనవేలు చూపించాను. ఆయన నా మొహం వంక కాసేపు చూశాడు.

తర్వాత బండరాయి వెనక్కి వెళ్లి, తిరిగొచ్చి అరచెయ్యి నా ముక్కు ముందు పెట్టాడు.

"ఇప్పుడే ఎషె పడింది, వదిలేశాను. ఆ చేప థైమ్ వాసన వేస్తుంది, చూడు."

థైమ్ అంటే మన వాముకి చుట్టం. గట్టిగా పీల్చి, కళ్లు మూసుకుని, ఆహా అన్నాను. అక్కడితో ఆగానా, మా ఊరి వాము బజ్జీల కథ కూడా ఎత్తుకున్నాను. ఆయన నా పెదాల వంకే చూస్తూ మొత్తం విన్నాడు.

"ఎషె ఏదీ పడలేదు. వెల్లుల్లి సాసేజ్ తిన్న చెయ్యి ఇది" అన్నాడు.

ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి, నా వలలో నేనే పడ్డాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రాయి మీద కూర్చుని, ఎప్పటి నుంచి అన్నాడు. చెప్పాను. అప్పుడాయన తన చెవి మీద వేలితో కొట్టుకున్నాడు. వినికిడిని మిషన్ల మోత తినేసిందట. మనుషుల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. మాస్కులొచ్చాక రొట్టెల షాపు పిల్ల నుంచి డాక్టర్ దాకా ఎవరి మాటా అందడం లేదు. ఏడాదిగా మెట్ల మీద నా జోకులకి ఆయన ఊపిన తలంతా మర్యాదేనన్నమాట.

"ఇక్కడ అందరూ చెవిటివాళ్లే. అందుకే ఈ నదికి వస్తాను" అన్నాడు. తర్వాత, లేని వేలు చూపించాడు. "ఇది చేప కొరకలేదు. వినపడదని పనిలో చెప్పలేదు. వెనక నుంచి అరిచారు."

ఇంటికొచ్చి ట్రౌట్ పులుసు పెట్టాను. గరిటె చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకాను. వీపు జలదరించింది. ఉప్పు తెలిసింది. పులుపు తెలిసింది. మిగతా అంతా ఖాళీ. మా ఆవిడ కూడా రుచి చూసి, మెల్లగా అంది: "మెంతులు మాడాయండీ."

స్టవ్ పక్కనే ఉన్నాను, నాకు తెలియలేదు. అప్పుడే ఫోన్ తీసి ఓనర్‌కి చేశాను.

"అన్నా, చలికాలం నుంచి నాకు వాసన తెలియట్లేదు. ఉప్పూ పులుపూ నాలుక్కి తెలుస్తున్నాయి. మాడితే మాత్రం తెలీదు."



"రుచి చూస్తున్నావా నువ్వు? నేను గరిటెతో రుచి చూస్తే ఎంగిలని చేతిలోంచి లాక్కునేవాడివి కదరా."

"చూస్తున్నా అన్నా."

"సరే, సోమవారం రా. పోపు దగ్గర నేను నిలబడతాలే. ఎన్నాళ్లు నడుస్తుందో చూద్దాం."

గిన్నెలో ఇంత పులుసు పట్టుకుని కిందికి వెళ్లి పెద్దాయన గుమ్మం ముందు పెట్టాను. బెల్లు ఆయనకి వినపడదని గుర్తొచ్చి, ఆయన కిటికీ అద్దం ముందు చెయ్యి ఊపాను. వచ్చాడు. నేను నాలుగు మెట్లు పైకెక్కి, దూరంగా నిలబడి మాస్కు కిందికి లాగి, చెప్పేశానని నెమ్మదిగా, పెదాలు కనపడేలా చెప్పాను.

ఆయన తలూపి, గిన్నె మూత తీసి వాసన చూశాడు.

"మాడింది" అన్నాడు.