పుల్ల దిగిన తరువాత

“సారు పోయిండు బిడ్డా,” అని పోయిన వారం బాపు ఫోన్ చేశాడు. ఆర్మూర్‌లో మాకు ఇంటర్ జువాలజీ చెప్పిన సారు. ఏడుపొచ్చింది. వెంటనే ఆయన చొక్కా జేబు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

ఆ జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక చీపురు పుల్ల ఉండేది. కిడ్నీ పాఠం రాగానే దాన్ని బయటికి తీసేవారు. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు నుంచి కబురొస్తుంది. కిడ్నీ కణంలో ఒక ఎంజైమ్ లేచి, నీళ్లను వెనక్కి తీసుకునే దారులు తెరిపిస్తుంది. “గా ఎంజైమ్ లేసుడు పెద్ద ముచ్చట కాదు. పని గాంగనే పండవెట్టాలె. పసుపు ఉడుకవెట్టినట్టే. కొమ్ము ఉడికి పుల్ల దిగిందా, మంట గుంజుడే,” అనేవారు. పసుపు రైతుల పిల్లలం, మాకు ఇంకేం చెప్పాలి!

ఒకసారి మా చేనుకే వచ్చారు. కడాయిలో పసుపు కొమ్ములు ఉడుకుతున్నాయి. పుల్ల తానే గుచ్చి చూస్తానని బాపును పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఎంజైమ్‌ను ఎవరు పడుకోబెడతారో చెప్పడం మొదలుపెట్టారు. బాపు నోరు తెరుచుకుని విన్నాడు. ఆపడం గురించి మాట్లాడుతూ మంట ఆపడం ఇద్దరూ మరిచిపోయారు. కొమ్ములు పిండిపిండి అయ్యాయి.

“నీ కిడ్నీ సల్లగుండ సారూ, నా పసుపు ఆగమాయె,” అన్నాడు బాపు.

సారు పొట్ట పట్టుకుని నవ్వారు. “గిది మా ఇంటికి, అన్నా. మార్కెట్ల ఎవలకు సూపియ్యకు.”

ఏడాదంతా వాళ్లింట్లో కూరకు ఆ పసుపే.

తర్వాత నేను పిహెచ్‌డికి ఆ ఎంజైమ్‌నే పట్టుకున్నాను. మూడో ఏట అది నా కొంప ముంచింది. ల్యాబ్‌లో పెంచిన కిడ్నీ కణాల్లో ఒకసారి లేస్తే ఆగదే! కబురు తగ్గించి చూశాను, మార్చి చూశాను. ఇక చదువు మానేస్తానని సారుకు ఫోన్ చేశాను.

“లేపెటోని ఎంబడే వడ్డవు. పండవెట్టెటోడు యాడున్నడు? గాన్ని సూసినవా?”

చూడలేదు. చూస్తే, ఆపే ఎంజైమ్ ఆ కణాల్లో దాదాపు లేనే లేదు. నా థీసిస్ బతికింది అక్కడే.

సారును సాగనంపి ఇంటికొచ్చేసరికి కల్లంలో పసుపు ఆరబోసి ఉంది. ఒక కుప్ప మాత్రం మెత్తగా చితికిపోయింది. బాపు ఒక్కడే ఉడకబెడితే అలా ఎన్నడూ కాదు.

“గిదేంది బాపూ?”

“నీకు ఫోన్ జేసినప్పుడు కడాయి పొయ్యి మీదనే ఉండె. పుల్ల గూడ దిగింది. మంట గుంజాలెనన్న సోయి నాకే లేకపాయె.”

ఆ కుప్పను మార్కెట్‌కు పోయేదాంట్లో కలపనివ్వలేదు. చేత్తో పలచగా నెరుపుతూ, “గిది మనింటికి,” అన్నాడు.

ఒక కొమ్ములో చీపురు పుల్ల ఇంకా అలాగే గుచ్చుకుని ఉంది.