పచ్చ పొట్లం, అత్తగారి అనుమతి

తైవాన్‌లో జియాయి ఊళ్లోని మా సాంకేతిక కళాశాలలో, మూడో అంతస్తు యంత్రాల గది తాళంచెవి ముప్ఫై ఏళ్లుగా బీశ్యా అక్క నడుముకే వేలాడుతోంది. ఆమె చదివింది తొమ్మిదో తరగతి. పదహారో ఏట నూలు మిల్లులో చేరింది. రెండు వందల కదుళ్లు ఒకేసారి తిరుగుతుంటే ఎక్కడ పోగు తెగిందో చెవితోనే పట్టేదట. మిల్లు మూతపడ్డాక ఇక్కడ ఊడ్చే పనికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూనే తీగలు బిగించడం, ఏ సర్వర్ ఎవరిదో గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది. ఇప్పటికీ ఏ పెట్టె మూలిగినా ముందు ఆమెకే వినబడుతుంది.

ఇక్కడ ముఖ్యమైన యంత్రం ఏదైనా సరే, దాని నెత్తిన ఒక గ్వాయ్ గ్వాయ్ పొట్లం ఉండాల్సిందే. మొక్కజొన్న చిరుతిండి అది. ఆ పేరుకి 'బుద్ధిగా ఉండు నాన్నా' అని అర్థం. పొట్లం ఆకుపచ్చ రంగుదే కావాలి. పచ్చ దీపం వెలిగితే పని సాగుతున్నట్టు కదా. పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. గడువు తేదీ దాటకూడదు. ఎంత ఆకలేసినా యంత్రం మీద ఉన్నంతసేపూ దాన్ని తినకూడదు. మా గదిలో ఆ తేదీలన్నీ చూసేది బీశ్యా అక్కే.

భద్రత పాఠాలు చెప్పే జువో సారుకి ఇదంతా చూస్తే ఒళ్లు మంట.

"అక్కా, పిల్లలకి నేను తాళాలు వేయడం నేర్పుతుంటే నువ్వు చిరుతిళ్లు పెడుతున్నావు. దొంగొస్తే పొట్లం విప్పి పెడతావా?"

"దొంగ సంగతి మీరు చూసుకోండి సారూ. యంత్రం సంగతి నేను చూసుకుంటా. ఇంతకీ మీ గదిలో కంప్యూటర్ మీద పచ్చగా ఉందేంటది?"

"అదా... మా ఆవిడ పెట్టింది."

మా యంత్రాల గదిలో ఒక నిల్వ పెట్టె పరిశోధక విద్యార్థిని జీయెన్‌ది. నాలుగేళ్లు ఊరూరా తిరిగి, రెండు వందల పన్నెండు మంది ముసలివాళ్ల చేత తైవానీ మాట్లాడించి అందులో దాచింది. యంత్రాలకి చైనీస్ బాగానే వచ్చు, మా ఇంటి భాషే రాదు. ఇప్పుడు నేర్పకపోతే ఇక నేర్పేవాళ్లు మిగలరని ఆ పిల్ల పంతం. ఆ గొంతుల్లో పదిహేడు అప్పటికే ఆగిపోయాయి. అన్నిటికీ రెండో ప్రతి తీసి వేరేచోట పెట్టుకోమని జువో సారు మూడుసార్లు చెప్పాడు. "సెలవులయ్యాక సార్" అని మూడుసార్లూ అంది.

సమాధులు శుభ్రం చేసే పండగకి ఈసారి నాలుగు రోజుల సెలవు వచ్చింది. గది మూసే ముందు జీయెన్ చూస్తే, తన పెట్టె మీది పొట్లం గడువు మర్నాటితో సరి. కింద కొట్టుకి పరిగెత్తింది. పచ్చవన్నీ నైవేద్యాలకి జనం కొనుక్కుపోయారు. పసుపుదే తెచ్చి పెట్టేసి రైలెక్కింది. పైగా ఫోటో తీసి అందరి ఫోన్లకీ పంపింది: "మార్చేశాను అక్కా, నిశ్చింతగా ఉండు!"

బీశ్యా అక్క ఆ ఫోటో చూసింది మర్నాడు పొద్దున, కొండ మీద అత్తగారి సమాధి దగ్గర గడ్డి పీకుతూ.

"అయ్యో, పసుపు!"

"ఏమైందే?" అన్నాడు భర్త కొడవలి ఆపి.

"జీయెన్ పిల్ల పసుపు పొట్లం పెట్టిందయ్యా. నాలుగు రోజులు!"

"పెడితే? మీ యంత్రానికి కడుపునొప్పి వస్తుందా? ఇవాళ చచ్చినవాళ్ల పండగ. బతికున్నవాళ్లనే ఒక పూట వదిలెయ్యాలి, యంత్రాలొకటా!"

నైవేద్యం పళ్లెంలో పళ్ల పక్కన ఒక పచ్చ పొట్లం ఉంది. అత్తగారికి అదంటే ఇష్టం. బీశ్యా అక్క పొట్లం వైపు చూసింది. భర్త ఆమె వైపు చూశాడు.

"మా అమ్మ నోటి దగ్గరది లాక్కుంటావా?"

"లాక్కోను. అడిగే తీసుకుంటా."

పోయినవాళ్ల మాట తెలుసుకునే రెండు నాణేలు దోసిట్లో పట్టుకుంది. "అత్తయ్యా, ఆ పెట్టెలో మీ ఈడువాళ్లు రెండొందల మంది మాటలున్నాయి. ఈ పొట్లం ఇవ్వండి. వచ్చే ఏడు రెండు పెడతా" అని నేల మీద వేసింది. రెండూ బొమ్మే పడ్డాయి. అంటే ఆవిడ నవ్వుతోంది, జవాబు చెప్పలేదు.

"బతికున్నప్పుడూ ఇంతే. అడగ్గానే ఏదీ ఇచ్చేది కాదు" అని గొణిగి మళ్లీ వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. ఒప్పుకుంది.

స్కూటర్ మీద అరగంట. కళాశాలలో పిట్ట మనిషి లేడు. మూడో అంతస్తు వసారాలో బీశ్యా అక్క కాళ్లు ఆగిపోయాయి. సెలవు రోజున ఆ పెట్టె నిద్రపోయే పిల్లిలా సన్నగా గుర్రుమనాలి. తలుపు బయటికే గరగర వినిపిస్తోంది, మిల్లులో కదుళ్లన్నీ ఒక్కసారి అందుకున్నట్టు. తాళం తీసి చూస్తే పెట్టె దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. పైన పసుపు పొట్లం అదురుతోంది.

జీయెన్‌కి ఫోన్ చేసింది. "ఏమే పిల్లా, పెట్టెకి ఏదైనా పని అప్పగించి వెళ్లావా?"

"లేదక్కా. పసుపు గురించేనా? తిట్టకు, పచ్చది దొరకలేదు."

"పసుపు సంగతి తరవాత. నీ పెట్టె పరిగెడుతోంది."

"నేను కాకపోతే... ఎవరక్కా పరిగెత్తిస్తోంది?"

వెంటనే జువో సారుకి చేసింది. ఆయన అంతా వినలేదు. "అక్కా, వెనకాల నీలం నెట్ తీగలు ఎన్ని?"

"మూడు."

"మూడూ పీకెయ్. కరెంటు మాత్రం ముట్టుకోకు."

"పీకాక నన్ను తిట్టరుగా?"

"పీకక్కా తల్లీ!"

పీకింది. ఒకటి, రెండు, మూడు. గరగర తగ్గి, తగ్గి, సన్నటి గుర్రులోకి దిగింది. అప్పుడు చూసుకుంది. పచ్చ పొట్లం ఇంకా చంకలోనే ఉంది.

మధ్యాహ్నానికి సారు బూట్లకి సమాధుల మట్టితో వచ్చాడు. జీయెన్ పండగకి వెళ్లిన జాంగ్‌హువా నుంచి దొరికిన రైలెక్కి వచ్చింది. చదువైపోయి వెళ్లిపోయిన ఒక విద్యార్థి పాత ఖాతాలోంచి ఎవరో దూరి, రికార్డులకి ఒకటో నంబరు నుంచి వరసగా తాళాలు వేసుకుంటూ వచ్చారు. డబ్బిస్తే తీస్తామని చీటీ కూడా పెట్టారు. జీయెన్ వేలు జాబితా మీద ఒక్కొక్కటే నొక్కుతూ దిగింది. ముప్ఫై ఒకటి, తెరుచుకోలేదు. ముప్ఫై రెండు నొక్కింది.

ఒక ముసలమ్మ గొంతు గదిలో వినిపించింది. ఆవకూర ఊరబెట్టడం చెబుతూ మధ్యలో కోడిని తిడుతోంది. ఆవిడ పోయి ఏడాదైంది. జీయెన్ నేల మీదే కూర్చుని ఏడ్చేసింది. తరవాతివన్నీ తెరుచుకున్నాయి. మొదటి ముప్ఫై ఒకటిలో ఇరవై ఎనిమిది ఆమె సొంత కంప్యూటర్లో ఉన్నాయి, రాసుకోవడానికి దించుకున్నవి. పూర్తిగా పోయినవి మూడు. ఆ మూడు పేర్లూ చదివి ఒక్క కేక పెట్టింది.

"ముగ్గురూ బతికే ఉన్నారక్కా!"

జువో సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆ పాత ఖాతా మూయాల్సింది నేను. రెండేళ్లుగా రేపు రేపు అంటున్నా." అద్దాలు పెట్టుకుని, "కానీ ఒకటి చెప్తా, పొట్లం ఏమీ చేయలేదు" అన్నాడు.

"పచ్చది చేయలేదు సారూ, ఒప్పుకుంటా. పసుపుదే నన్ను కొండ దింపింది."

అత్తగారి పచ్చ పొట్లం పెట్టె మీదికి ఎక్కి, పసుపుది దిగింది కనుక ఇక నిషేధం లేదు. ముగ్గురూ విప్పుకుని తినేశారు. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు.

ఇప్పుడు ఆ గది తలుపు మీద సారు దస్తూరితో ఒక కాగితం ఉంది: నిర్ణీత తేదీన ఒక్కో పెట్టెలోదానికీ రెండో ప్రతి తీసి, దాని తీగలు విప్పి, బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆ తేదీ ఏదో కాగితం మీద లేదు. కావాలంటే పొట్లం తిప్పి గడువు చూడాలి.

పోయిన వారం బీశ్యా అక్కా జీయెనూ సముద్రపు ఒడ్డున బూదాయ్ వెళ్లారు. ఆ ముగ్గురిలో ఒకాయన, ఉప్పుమడుల్లో పనిచేసిన తొంభై ఒక్కేళ్ల తాత, అక్కడుంటాడు.

"మళ్లీ వచ్చావేంటే? పోయినసారి చెప్పిందంతా ఎక్కడ పారేశావ్?"

"దొంగలు పాడుచేశారు తాతా."

"నా మాటలకి దొంగలా!" తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మంచిదేలే. పోయినసారి మా ముసల్ది పక్కనే కూర్చుంది, సగమే చెప్పా. ఇవాళ బజారుకెళ్లింది. ఊఁ, నొక్కు దాన్ని."

బీశ్యా అక్క రికార్డరు దగ్గరికి చెవి వంచి విని, తిరుగుతోందన్నట్టు తలూపింది.