సంపత్ భుజాన గ్యాస్ బండ

ముప్పై ఏళ్లు బెల్లంపల్లిలో జాకెట్లు కుట్టాను. కాలనీలో సగం మంది ఆడవాళ్ల కొలతలు నాకు నోటికి వచ్చేవి. వాటిలో సగం తప్పని ఆ ఆడవాళ్లే చెప్పేవారు. అరవై ఆరో ఏట పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. అప్పటినుంచి ఆ చెయ్యి, ఎవరో నా ఒళ్లో పెట్టి మరిచిపోయిన సంచిలా పడి ఉంటుంది.

నా కొడుకు సంపత్ బొగ్గుగనిలో పనిచేస్తాడు. వాడికి నా మీద ప్రేమ ఎక్కువ, భుజబలం ఇంకా ఎక్కువ. స్నానం వేళకు అమాంతం నన్ను భుజానికెత్తుకుని బాత్రూంలో దింపేవాడు. "జర ఆగు, నేనే నడుస్త" అనేలోపే ప్రయాణం అయిపోయేది. ఆపైన కోడలు శ్యామల చూసుకునేది. చాయ కూడా తనే తాగించేది. నా కుడిచెయ్యి బాగానే ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నిజం చెప్పాలంటే, ఆ సుఖంలో నేనూ మరిచిపోయాను.

ఏమీ తోచక ఒకరోజు పాత గుడ్డపేలికల మూట తెప్పించుకున్నాను. గుడ్డను ఇస్త్రీపెట్టె కింద అదిమిపెట్టి, ఒంటిచేత్తో కత్తిరించి, పాత దుప్పటి మీద కుట్టడం మొదలుపెట్టాను. సంపత్ నన్ను మోసుకుపోతున్న బొమ్మ అది. చీరకు మిగిలిన ఎర్రగుడ్డ వేశాను. నెల తర్వాత చూస్తే కొడుకు కొడుకులాగే ఉన్నాడు. నేను మాత్రం గుండ్రంగా, ఎర్రగా, అచ్చం గ్యాస్ బండలా కుదిరాను. విప్పుదామనుకుని ఆగాను. ఇంతకన్నా నిజమైన పోలిక నాకు ఏ ఫోటోలోనూ రాలేదు.

పక్క క్వార్టర్‌లో ఉండే డ్రాయింగ్ టీచర్ మమతారాణి అది చూసింది.

"పెద్దమ్మా, కరీంనగర్‌ల ఆడోళ్ల బొమ్మల ప్రదర్శన పెడుతున్నం. గిది ఇయ్యుండ్రి."

"గ్యాస్ బండను బస్సుల ఎక్కనియ్యరు బిడ్డా" అన్నాను. అయినా ఎక్కించింది.

ప్రదర్శన రోజు కొడుకు, కోడలు, నేను ముగ్గురమూ వెళ్లాం. నా కళ గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మూడు రోజులు సాధన చేసుకున్నాను. ఒకాయన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"గ్యాస్ ధర పెరిగిందని చేసిన బొమ్మనా ఇది?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

సంపత్ డ్యూటీ నుంచి వచ్చేలోపే దుప్పటి మడిచి దాచేదాన్ని కాబట్టి, వాడు ఆ బొమ్మను చూడటం అదే మొదటిసారి. కింద రాసిన 'నా స్నానం' అనే పేరు రెండుసార్లు చదివాడు.

"గీ మోసేటోడు నేనా అవ్వా?"

"నువ్వే."

"మరి గీ బండ?"

"నేనే."

వాడి ముఖం వాడిపోయింది. "నేను నిన్ను గిట్ల మోస్తున్ననా?"

"పాణం పెట్టి మోస్తున్నవ్ బిడ్డా. కానీ నడుస్తవా అని ఒక్కనాడూ అడగలే."

నేనూ గట్టిగా ఎన్నడూ చెప్పలేదన్న సంగతి అప్పుడే ఒప్పుకోవలసింది. గొప్ప మాట అన్నానన్న సంబరంలో ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం సంపత్ మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా గోడకు ఇనుపగొట్టం బిగించాడు. లోపల ఒక కుర్చీ వేశాడు. ఎవరూ రావద్దని హుకుం జారీ చేసి నేను బయల్దేరాను. ఎనిమిది అడుగులకు పావుగంట పట్టింది. లోపలికి పోయి, మూడేళ్ల తర్వాత నా చేత్తో నేను గడియ పెట్టుకున్నాను. తలమీద నీళ్లు పోసుకుంటుంటే ఏడుపొచ్చింది. సబ్బు కళ్లలో పడటం వల్ల కూడా అయ్యుండొచ్చు.

స్నానం అయ్యాక గడియ రాలేదు. తుప్పుపట్టి బిగుసుకుంది.

"అవ్వా, అయిందా?" బయట సంపత్ గొంతు.

"ఇంకా కాలే. ఏం తొందర నీకు?"

చీర చుట్టుకుని కుర్చీలో కూర్చుని, చెంబుతో గడియను కొడుతూ ఇంకో అరగంట స్నానం చేశాను. చివరికి అది కదిలింది. బయట కొడుకు, కోడలు, మమతారాణి వరసగా నిలబడి ఉన్నారు.

"ఏమైందత్తమ్మా, గా చప్పుడేంది?" అంది శ్యామల.

"ఒళ్లు రుద్దుకున్న" అని, గొట్టం పట్టుకుని వాళ్ల ముందునుంచి నడిచిపోయాను.