పెద్దమ్మ బంతిపూల దండ

స్టార్టప్ అనే మాట ఇంకా నర్సీపట్నం బస్సెక్కని రోజులవి. ఇంజినీరింగ్ చదివినవాడు సొంతంగా మిషను చేస్తానంటే ఇంట్లోవాళ్ళు నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరం చూసేవారు. నేను మాత్రం విశాఖలో యూనివర్సిటీలో చదువుతూ, జీడిపిక్కలు కోసే మిషను చేసి లోకాన్ని ఉద్ధరిస్తున్నానన్న ధీమాతో తిరిగేవాణ్ణి. (లోకం సంగతి అటుంచండి, పిక్కలు కొట్టి కొట్టి, ఆ సొనకి వేళ్ళు బొబ్బలెక్కి, మా పెద్దమ్మ అన్నం చెంచాతో తినేది. అది చూడలేకే మొదలుపెట్టాను.)

విద్యార్థుల ఆలోచనల్ని కంపెనీలుగా మార్చడానికి మా యూనివర్సిటీ అప్పుడే ఒక కేంద్రం తెరిచింది. ఎంపికైతే ఒక గది, వర్క్‌షాపు తాళంచెవి, వెంట ఉండి నేర్పే మాస్టార్లు. దాన్ని చూసే ప్రొఫెసర్‌గారిది ఒకటే పట్టు: మిషను ల్యాబులో కాదు, వాడేవాళ్ళ ముందు ఆడాలి. నా కాగితాల్ని అప్పటికే ఒకసారి తిప్పిపంపారు. "అంతా బాగుందయ్యా, బ్లేడు కింద ఆడవాళ్ళ వేలు పడితే?" అన్నారు. పిక్క కాక ఇంకేది అడ్డొచ్చినా మోటారు బెల్టు జారిపోయి బ్లేడు ఆగేలా చేశానని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరి అవకాశంగా మా పెరట్లోనే పరీక్ష పెట్టారు. "ఇదీ పోయిందంటే యలమంచిలిలో మీ మావయ్య ఎరువుల కొట్లో కూకోవాల" అని నాన్న ముందే తేల్చేశారు.

ప్రొఫెసర్‌గారు జీపు దిగారు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. నేను స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో, పెద్దమ్మ అడ్డుపడింది.

"ఆగరా! కొత్త మిషను ఉట్టినే ఆడిస్తారేటి? పసుపు రాయాల, దండెయ్యాల!"

పెళ్ళికొడుక్కి వేసేంత బంతిపూల దండ వేసింది. ప్రొఫెసర్‌గారు నవ్వి ఊరుకున్నారు. స్విచ్ వేశాను. పిక్కలు టకటకా రెండు చెక్కలవుతుంటే "ఓలమ్మా!" అన్నారు అందరూ. నేను పొంగిపోయి నాలుగడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే దండ కొస బ్లేడు వైపు జారింది.

"బేగి ఆపరా!" అని అరిచింది పెద్దమ్మ. బెల్టు గురించి అన్ని గొప్పలు చెప్పిన నేను, ఆ బెల్టునే మరిచిపోయి స్విచ్ మీదకి దూకి, పిక్కల బుట్ట తన్నుకుని బోర్లా పడ్డాను.

"ఆపొద్దు!" అన్నారు ప్రొఫెసర్‌గారు.

మోటారు తిరుగుతూనే ఉంది. బెల్టు జారుతోంది. బ్లేడు మాత్రం కదలకుండా ఆగిపోయింది. ఆయనే స్విచ్ కట్టేసి, దండ మెల్లగా బయటికి లాగి చూశారు. పూలు నలిగాయి గానీ దారం తెగలేదు.

"నీ కాగితాలు చెప్పలేనిది మీ పెద్దమ్మగారి దండ చెప్పిందయ్యా. సోమవారం వచ్చి గది తాళం తీసుకో."

పిక్కల మధ్య పడి ఉన్న నాకు లేవాలని కూడా తోచలేదు, అంత సంతోషం. "సూసావా? పూజ సేసినందుకే పాసైంది" అంది పెద్దమ్మ. నాన్న గొంతు సవరించుకుని, "కొట్లో వేరేవోడ్ని ఎట్టుకోమని మీ మావయ్యకి సెప్పేత్తాను" అన్నారు.

ఆ గదిలోనే మా కంపెనీ పుట్టింది. మొదటి మిషను పెద్దమ్మకే ఇచ్చాను. కొన్నాళ్ళకి ఆవిడ చేత్తో పప్పన్నం కలుపుకుని తింటుంటే చూసి నా కడుపు నిండిపోయింది.

ఇప్పటికీ మా షెడ్డులోంచి ఏ మిషను బయటికి వెళ్ళాలన్నా ముందు బంతిపూల దండ పరీక్ష నెగ్గాలి. "ఇన్ని సెన్సర్లుండగా దండెందుకు సార్?" అని మా కుర్ర ఇంజినీర్లు నవ్వుతారు. నేను పెద్దమనిషిలా గంభీరంగా తలాడిస్తాను. (వాళ్ళకి చెప్పలేదు గానీ, దండ బ్లేడు వైపు జారేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ స్విచ్ మీదకే పోతుంది.)