గేటు దగ్గర ఆపేసిన ఫోన్లు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను రాసిన బటన్ మొదటిసారి ఫోన్‌లో పనిచేసిన రోజు ఆఫీసు మేడ మెట్ల మీదకు వెళ్లి, ఎవరూ లేరని చూసుకుని, ఎగిరి గంతేశాను. డైరీలో కూడా రాయలేదు.

డిగ్రీ పూర్తయిన వేసవిలో అనకాపల్లిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ట్రైనీగా చేరాను. పని నచ్చితేనే ఉద్యోగం ఖాయం. సీనియర్ డెవలపర్ రమణగారు ముందు వెబ్ పేజీలు నేర్పారు. పేజీలో ఏముండాలో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది, ఎలా కనిపించాలో సీఎస్ఎస్, వేలు తగిలితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్. నవల చదివినంత ఆత్రంగా నేర్చుకున్నాను. తర్వాత అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీకి కార్మికులను తీసుకెళ్లే బస్సుల యాప్ నాకు అప్పగించారు. బస్సు వస్తే ఫోన్‌కు నోటిఫికేషన్ వెళ్లాలి.

ఆఫీసులో అంతా చక్కగా మోగింది. పరీక్షకు ఆ బస్సులు నడిపే కాంట్రాక్టరు ఒక బస్సు ఇచ్చారు. మొదటి సాయంత్రం కంపెనీ గేటు బయట నిలబడ్డాను. షిఫ్టు వదిలిన కాసేపటికి ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి: ‘మీ బస్సు వచ్చింది.’ జనం రోడ్డు మీదకు పరుగెత్తారు. బస్సు లేదు.

“బస్సేదిరా బావా?”

“ఫోన్లో ఉంది, ఎక్కేయ్!”

అందరూ నవ్వారు. ప్యాకింగ్‌లో పనిచేసే సత్యవతక్క నా దగ్గరకు వచ్చింది.

“ఇది నువ్వేనా సేసింది? లోనికి ఫోన్లు ఒగ్గరు తల్లీ. పొద్దున్నే గేటు కాడ ఆపేసి ఇచ్చేత్తాం. అడిగితే సెప్పమా? ఏటి, నోరు నేదా నీకు?”

అప్పుడర్థమైంది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ల బస్సు వచ్చినప్పుడు అందరి ఫోన్లకూ పంపిన సందేశం సర్వర్‌లో కాచుకుని ఉండి, ఫోన్ వెలగగానే కొత్తదానిలా మోగింది. నేను పరీక్షించింది ఎమ్యులేటర్ మీద. అది కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఫోన్, దాన్ని ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపేయరు.

రమణగారు కోప్పడలేదు. శనివారంలోగా సరికాకపోతే కాంట్రాక్టరు పాత వాట్సాప్ గ్రూపుకే వెళ్లిపోతారని, అప్పుడు నన్ను ఉంచుకోవడం కష్టమని మాత్రం అన్నారు.

మర్నాడు అదే బస్సెక్కి సత్యవతక్క పక్కన కూర్చున్నాను. నోరు తెరిచి అడిగాను: ఏ షిఫ్టు, ఫోన్ ఎప్పుడిస్తారు, బయటకొచ్చాక ముందేం చూస్తారు. ఆమె చెబుతుంటే వెనక సీట్ల వాళ్లు తలో మాటా కలిపారు. ఆఫీసుకు దాదాపు పరుగున వెళ్లాను. ప్రతి నోటిఫికేషన్‌కూ ఆయుష్షు పెట్టవచ్చని ఆ రోజే తెలిసింది. గడువు దాటితే సర్వరే దాన్ని పారేస్తుంది. షిఫ్టుల వారీగా సందేశాలు విడదీశాను. యాప్ తెరవగానే బస్సు ఎక్కడుందో కనిపించేలా చేశాను. టైపు చేస్తుంటే వేళ్లు ఆగలేదు.

శనివారం సాయంత్రం కాంట్రాక్టరు గేటు దగ్గరే నిలబడ్డారు. ఫోన్లు వెలిగాయి. పాత సందేశంతో ఒక్కటీ మోగలేదు, ఎవరూ పరుగెత్తలేదు. మిగతా బస్సులకూ పెట్టెయ్యమని ఆయన అక్కడికక్కడే రమణగారికి ఫోన్ చేశారు. నా ఉద్యోగం ఖాయమైంది.

నేర్చుకున్నది ఒకటే. కోడ్ రాసేముందు, అది వాడేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో వాళ్లనే అడగాలి.

కాంట్రాక్టరు వెళ్లాక సత్యవతక్క యాప్ తెరిచి చూసి, ఫోన్ జాకెట్లో దోపుకుంది.

“బస్సింకా జంక్షన్ కాడే ఉంది. రా, టీ తాగొచ్చేద్దాం.”