గిన్నెలో లేచిన రూపాయి బిళ్ళ కోసం పాతపట్నం దాకా

ఈ వయసులో పాఠం వినడానికి బస్సెక్కుతానని నేనూ అనుకోలేదు. నెల్లిమర్లలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మాస్టారు బోర్డు మీద నీళ్ళ గ్లాసు, అందులో పెన్సిలు బొమ్మ గీసి, పెన్సిలుకి ఏమైందని అడిగారు. "ఇరిగిపోనాది మాస్టారూ" అన్నాను. క్లాసంతా నవ్వింది. ముందు భాష నేర్చుకోమన్నారాయన. వక్రీభవనం అనే మాట బట్టీ పట్టాను గానీ సైన్సు క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు, ఇంటర్లో కామర్సు తీసుకున్నాను. ఆ రోజు నా పక్కన కూర్చున్న భారతి ఇప్పుడు పాతపట్నం దగ్గర ఒక ఊళ్ళో సైన్సు టీచరు. వెలుతురు పాఠం ప్రయోగాలతో చెబుతున్నానని, వచ్చి చూడమని ఫోన్ చేసింది.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం ఏడింటికి బస్సెక్కాను. రెండు గంటలకు కాస్త తక్కువ ప్రయాణం, టికెట్ వంద రూపాయల లోపే. పాతపట్నం నుంచి ఆ ఊరికి షేర్ ఆటో. బళ్ళో మీ పిల్లలెవరైనా చదువుతున్నారా అని డ్రైవరు అడిగితే, నేనే చదువుకోవడానికి వెళుతున్నానన్నాను. "ఆలస్యమైపోనాది కదమ్మా" అన్నాడు. బడి గంట కొట్టేశారని అతని ఉద్దేశం. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

ఎనిమిదో తరగతి పిల్లలు నేల మీద గుంపులుగా కూర్చున్నారు. గుంపుకో స్టీలు గిన్నె, అడుగున రూపాయి బిళ్ళ. అంచు చాటున బిళ్ళ కనబడకుండా పోయేదాకా వెనక్కి జరిగి, కదలకుండా ఉండాలి. నన్నూ ఒక గుంపులో కూర్చోబెట్టారు. దమయంతి అనే అమ్మాయి చెంబుతో నీళ్ళు పోసింది. పోయిందనుకున్న బిళ్ళ మెల్లగా నా కళ్ళ ముందుకొచ్చింది. ఇంతమాత్రం చూడటానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

బిళ్ళకి ఏమైందని భారతి పిల్లల్ని అడిగింది. "బిళ్ళ పైకి లెగిసింది టీచర్" అంది దమయంతి. ఎవరూ నవ్వలేదు. భారతి ఆ మాటను అలాగే బోర్డు మీద రాసి, "లెగిసిందో లేదో ఏలు పెట్టి సూడు" అంది. వేలు అడుగుకే తగిలింది. బిళ్ళ కదల్లేదని, నీళ్ళలోంచి బయటికొచ్చేటప్పుడు వెలుతురే ఒంగిందని పిల్లలే తేల్చారు. వక్రీభవనం అప్పుడు గానీ బోర్డెక్కలేదు, అదీ దమయంతి మాట కింద.

తర్వాత దమయంతి గాజుగ్లాసులో నీళ్ళు పోసి పెన్సిలు ముంచింది. "ఏటయింది, ఈసారి మీరు సెప్పండి" అంది. భారతి నా వైపే చూస్తోంది. "ఇరిగిపోనాది" అన్నాను. దమయంతి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. తడిగా, తిన్నగా ఉంది.

తిరుగు బస్సులో ఆ పెన్సిలు నా సంచిలోనే ఉంది. ఆనాడు నేను చెప్పింది తప్పే. కానీ తీసి చూడమని ఎవరైనా ఒక్క మాట అనుంటే ఏమయ్యేదాన్నో అని ఇప్పటికీ బెంగగానే ఉంది. మీరూ వెళ్ళాలనుకుంటే ముందుగా హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని తొమ్మిదికల్లా చేరండి. అక్కడ మిమ్మల్ని ఏదైనా అడిగితే, తప్పైనా సరే, పైకే చెప్పండి. సరిచూసుకోవడానికి ఎదురుగా గిన్నె ఉంటుంది.